కాంటెస్సా సామాను: పేరు చెబితే లేదంటారు, కొలత చెబితే ఉందంటారు

సంపాదకులకు నమస్కారం.

ఏపీ 24, ఏపీ 22 నంబర్ల కాంటెస్సా కార్లు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని వేపచెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డాయి. వీటిలో ఏ ఒక్కదానికి ముందువైపు దెబ్బ తగిలి షెడ్డుకు వచ్చినా మొదట వినపడే మాట ఒకటే: "దీనికి సామాను దొరకదన్నా, తూకానికి ఇచ్చెయ్." ఆ ఒక్క మాటకు, బాగుపడే బండ్లు తుక్కు కటింగ్‌కు పోతున్నాయి. కాంటెస్సా అని పేరు చెప్పి అడిగితే నిజంగానే దొరకదు. కొలత చెప్పి, నంబరు చెప్పి, అవే భాగాలున్న తోబుట్టువు బండి పేరు చెప్పి అడిగితే చాలావరకు దొరుకుతుంది. నిజంగా దొరకనివి కొన్ని ఉన్నాయి. వాటినేమో మనమే చేజేతులా పగలగొట్టుకుంటున్నాం. ఈ సంగతి బండి ఉన్నవాళ్లకూ, షెడ్డు నడిపేవాళ్లకూ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

హిందూస్థాన్ మోటార్స్ ఈ కారును పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1984 నుంచి 2002 దాకా తయారు చేసింది. బాడీ డిజైన్ బ్రిటన్ కంపెనీ వాక్స్‌హాల్ వారి వీఎక్స్ కారుది. పొడుగాటి బానెట్, వెడల్పు ముఖం, వెనక చక్రాలను తిప్పే ఇంజిన్. మన దేశపు మజిల్ కార్ అని దీన్ని అభిమానంగా పిలుచుకునేది అందుకే. బాడీ వాక్స్‌హాల్‌దే అయినా లోపలి ఇంజిన్ వేరు. మొదటి బండ్లకు అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ వేశారు. దాని బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మి.మీ.; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మి.మీ. తర్వాత 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్, 5 గేర్ల బాక్స్ వచ్చాయి. ఆపైన 1995 సీసీ ఇసుజు డీజిల్. ఈ రెండు ఇసుజులూ అంబాసిడర్‌లో కూడా వచ్చాయి. అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది. కాబట్టి పిస్టన్, రింగులు, బేరింగ్ షెల్స్, హెడ్ గ్యాస్కెట్, వాటర్ పంప్, క్లచ్ ప్లేటు కావాలంటే కౌంటర్ దగ్గర కాంటెస్సా మాటే ఎత్తొద్దు. "అంబాసిడర్ 1800 ఇసుజు పెట్రోల్" అనో, "అంబాసిడర్ ఇసుజు డీజిల్" అనో అడగండి. అప్పుడు దుకాణదారు లోపలికి వెళ్లి వెతుకుతాడు.

అయితే ముందు బండిలో ఉన్నది ఏ ఇంజిన్ అన్నది తేల్చుకోవాలి. ఇన్నేళ్లలో చాలా బండ్లకు ఇంజిన్లు మారాయి, పెట్రోల్ తీసి డీజిల్ ఎక్కించినవీ ఉన్నాయి. ఆర్‌సీలో ఒక నంబరు, బ్లాక్ మీద ఇంకొకటి ఉంటే సామానూ తప్పుతుంది, రేపు ఆర్టీఏ ఆఫీసులో పనీ ఆగుతుంది. బ్లాక్‌ను కిరోసిన్‌తో తుడిచి నంబరు చదవండి, ఫొటో తీసుకోండి. పిస్టన్లు కొనే ముందు బోరు కొలిపించండి. ఒకసారి రీబోర్ అయిన (సిలిండర్ తొలిచి పెద్దది చేసిన) ఇంజిన్‌కు స్టాండర్డ్ సైజు పిస్టన్ పనికిరాదు. 20 ఓవర్‌సైజా, 40నా అన్నది పాత పిస్టన్ నెత్తి మీదే కొట్టి ఉంటుంది. ఓవర్‌సైజు ఆఖరి దాకా వాడేసిన బ్లాక్‌ను కూడా పారేయనక్కర్లేదు, స్లీవులు (లోపలి గొట్టాలు) దింపించి మళ్లీ స్టాండర్డ్‌కు తెచ్చుకోవచ్చు. డీజిల్ బండి కొన్నా, నిలబడిన డీజిల్ బండిని మళ్లీ లేపినా టైమింగ్ బెల్టు ముందే మార్చండి. ఎండిన బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి, చిన్న ఖర్చు హెడ్డు విప్పే దాకా పోతుంది.

షెడ్డుల్లో ఎక్కువగా పాడుచేసేది బోల్టుల దగ్గర. పాత 1489 ఇంజిన్ అంగుళాల లెక్కది, ఇసుజు మిల్లీమీటర్ల లెక్కది. అంగుళాల లెక్కలోని 5/16 యూఎన్‌ఎఫ్ బోల్టు లావు 7.94 మి.మీ., మిల్లీమీటర్ల లెక్కలోని ఎం8 బోల్టు లావు 8 మి.మీ. చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు. మరలు మాత్రం వేరు. మొదటిదానికి అంగుళంలో 24 చూడీలు (మర చుట్లు), రెండోదానికి చూడీకీ చూడీకీ మధ్య 1.25 మి.మీ. ఎం8ను ఆ రంధ్రంలో పెట్టి పానాతో బలవంతంగా తిప్పితే మూడు నాలుగు చుట్లు పోతుంది, "బిగిసింది" అనిపిస్తుంది. నిజానికి అది లోపలి మరలను కోసుకుంటూ పోయింది. వేడెక్కి చల్లారే సరికి వదులవుతుంది. చేత్తో కనీసం నాలుగు చుట్లు నున్నగా తిరగని బోల్టును పానాతో ముట్టుకోవద్దు. థ్రెడ్ గేజ్ ప్రతి షెడ్డులోనూ ఉండాల్సిన వస్తువు. మరలు ఇప్పటికే పోయి ఉంటే పెద్ద బోల్టు దూర్చకుండా హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించండి.

బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులకు కారు పేరుతో పనే లేదు. మిర్యాలగూడలో రైసు మిల్లులకు, దేవరకొండ వైపు బోరు మోటార్లకు, జడ్చర్లలో ట్రాక్టర్లకు సామాను అమ్మే దుకాణాల్లోనే మీ కారు బేరింగు ఉంటుంది. బేరింగ్ రింగు మీద నంబరు చదవాలి. ఉదాహరణకు 6203 అంటే లోపలి వ్యాసం 17, బయటిది 40, మందం 12 మి.మీ. అది ఏ కంపెనీది అయినా అదే కొలత. నంబరు పక్కన సీ3 అని ఉంటే అది కూడా రాసుకుని పోవాలి. లోపల కాస్త ఎక్కువ సందు ఉన్న బేరింగ్ అని దాని అర్థం. మామూలుది వేస్తే వేడికి బిగుసుకుంటుంది. ఆయిల్ సీల్ మీద 35-52-7 అని ఉంటే లోపల 35, బయట 52, మందం 7. అక్షరాలు అరిగిపోతే సీల్ పెదవిని కొలవొద్దు, అది సాగి ఉంటుంది. షాఫ్టునూ, సీల్ కూర్చునే గూడునూ వెర్నియర్‌తో కొలవండి. కొత్త సీల్ వేసినా నెలలోపే ఆయిల్ కారుతోందంటే షాఫ్టు మీద పాత పెదవి గాడి పెట్టిందన్నమాట. గోరుతో రాస్తే తగులుతుంది. ఆ గాడి మీద కాకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కన కూర్చునేలా సీల్ దిగ్గొట్టాలి, లేదా లేత్ మీద సన్నటి స్లీవు వేయించాలి.

క్లచ్ ప్లేటుకు బయటి వ్యాసం, స్ప్లైన్ పళ్ల లెక్క, హబ్బు ఏ వైపు ఉబ్బి ఉందో చూసుకోవాలి. షాక్ అబ్జార్బర్‌కు ముడిచినప్పటి పొడవు, సాగదీసినప్పటి పొడవు, పైనా కిందా పట్టుకునే తీరు కావాలి. సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు దొరక్కపోతే లేత్ మీద నైలాన్‌వి చేయించుకునే అలవాటు మన దగ్గర ఉంది. నైలాన్ వంగదు, గుంతల దెబ్బ నేరుగా బ్రాకెట్ మీద పడి వెల్డింగులు పగులుతాయి. పాత బుష్ బయటి, లోపలి వ్యాసాలు, పొడవు కొలుచుకుని పోతే జీపుల, వ్యాన్ల రబ్బరు బుష్‌ల్లో సరిపోయేది దొరికే అవకాశం ఉంది. బిగించేటప్పుడు బండి జాకీ మీద వేలాడుతుండగా నట్లు పూర్తిగా బిగించకండి. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే బండి దిగేసరికి రబ్బరు మెలితిరిగిపోయి ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. ఆ తర్వాత రబ్బరు నాసిరకమని దుకాణాన్ని తిడతారు.

బ్రేకుల దగ్గర పొరపాటుకు ప్రాణాలే పోతాయి. వీల్ సిలిండర్ రబ్బరు కప్పులను పెట్రోల్‌తోగానీ డీజిల్‌తోగానీ కడగకూడదు. ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి సిలిండర్‌లో ఇరుక్కుంటుంది, తొక్కిన బ్రేకు వదలదు. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తుడిచి అమర్చాలి. సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడితే ఎమెరీ పేపర్‌తో రుద్ది సరిపెట్టొద్దు. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు వేయించి మునుపటి బోరు సైజుకే తేవాలి. బోరు మారితే పెడల్ బరువూ, ముందు వెనకల బ్రేకు పొంతనా మారిపోతాయి. పాత షూల లైనింగ్ దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

ఇక గుద్దుకున్న బండి. దీనికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. కాబట్టి బానెట్, గ్రిల్ వెతకడానికి పరుగెత్తే ముందు ముందుభాగం కొలవాలి. రెండు వైపులా ఒకేలా ఉన్న రంధ్రాలు ఎంచుకుని, ఎడమ ముందు నుంచి కుడి వెనకకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు మూలకొలతలు తీయండి. టేపు వంగుతుంది. పైపుకు రెండు మొనలు బిగించుకుంటే కొలత కచ్చితంగా వస్తుంది. తేడా 3 మి.మీ. దాటితే ముందు బాడీని లాగాలి. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి గుంజడం, చెట్టుకు కట్టి బండిని వెనక్కి దూకించడం రెండూ చేటే. గుంజు పడ్డప్పుడు వంగిన రేకు సాగదు, దాని పక్కన బాగున్న స్పాట్ వెల్డింగులు ఊడతాయి. హైడ్రాలిక్ జాకీతో, దెబ్బ వచ్చిన దారికి ఎదురు దిశలో మెల్లగా లాగి, కొలత కంటే కొంచెం ఎక్కువకు తీసుకెళ్లి వదలాలి. రేకు కొంత వెనక్కి వస్తుంది. ఇది చేయకుండా మంచి బానెట్ తెచ్చి పెట్టినా మూలల సందులు ఎప్పటికీ కలవవు.

పాడైన రేకు ముక్కను ఇంకో బండి నుంచి కోసి తేవాల్సి వస్తే, కావాల్సినదానికన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువ వదిలి కోయించండి. గ్యాస్ కట్టర్ వద్దు, వేడికి అంచు వంకర పోతుంది. గ్రైండర్ లేదా హాక్సా వాడాలి. కొత్త రేకుతో చేయిస్తే బయటి ప్యానెళ్లకు 20 గేజ్, ఫ్లోరు, సిల్లులకు (తలుపుల కింది పట్టీలకు) 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు. జింక్ పూత ఉన్న జీఐ రేకును వెల్డింగ్ చేస్తే జింక్ పొగ వస్తుంది, మనిషికి జ్వరం పట్టుకుంటుంది, అతుకూ నిలవదు. 0.8 మి.మీ. తీగతో సీఓ2 వెల్డింగ్ చేయిస్తూ, ఒకచోట ఒక చుక్క, దానికి దూరంగా ఇంకో చుక్క పెట్టుకుంటూ రావాలి. ఒకే గీతగా లాగితే రేకు అలలు తేలుతుంది. ఆ అలలు దాచడానికి వేలు మందం పుట్టీ పూస్తారు. పుట్టీ 3 మి.మీ. దాటితే మన ఎండలకు, ఆ తర్వాత వచ్చే వానలకు చిట్లుతుంది, చిట్లిన చోట నీళ్లు దిగి అడుగున తుప్పు మొదలవుతుంది. ఒక్కటి మాత్రం ఎవరూ చేయకూడదు: చాసిస్ నంబరు ఉన్న రేకును కోయడం, ఇంకో బండి నంబరు ముక్క తెచ్చి అతకడం. అది నేరం. ఇంజిన్ మార్చినా, రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

అసలు కష్టం అద్దాల దగ్గర. ముందు అద్దం లామినేటెడ్ అయితే మంచిదే. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా రాలిపోదు. అది పగిలిందని సుత్తితో కొట్టి సంచిలో పోయడం పెద్ద పొరపాటు. ఆ పగిలిన అద్దమే కొత్తదానికి అచ్చు. రెండు వైపులా వెడల్పు టేపు వేసి, వంపు చెడకుండా దుప్పటిలో చుట్టి, వంపు అద్దాలు చేసిచ్చే వాళ్లకు అప్పగించాలి. పక్క అద్దాలు టెంపర్డ్ అయితే వాటిని కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు, గింజలు గింజలుగా రాలతాయి. కొలత, వంపు ఇచ్చి కొత్తగా కాల్పించుకోవాల్సిందే. అద్దం విప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. అద్దం బాగుండి రబ్బరు ఎండిపోతే, బ్లేడుతో రబ్బరు పెదవి కోసి అద్దాన్ని కాపాడుకోండి. అద్దం పోయి రబ్బరు మెత్తగా ఉంటే, సబ్బు నీళ్లు పోసి లోపలి నుంచి పెదవిని మెల్లగా తిప్పుతూ రబ్బరును కాపాడుకోండి. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు గాడిలో 4 మి.మీ. నైలాన్ తాడు చుట్టి, రెండు కొసలు బండి లోపల ఉంచి, బయట ఒకరు అరచేత్తో అదుముతుంటే లోపల ఒకరు తాడు లాగాలి. బిగించే ముందు అద్దం కూర్చునే చట్రానికి కూడా మూలకొలతలు తీయాలి. చట్రం వంకరగా ఉంటే అద్దం ఆరోజు కూర్చుంటుంది, ఎన్నో రోజులు కాకముందే మూల నుంచి గీత పాకుతుంది.

రబ్బరు బీడింగు కాంటెస్సాదే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. పాతదాని నుంచి రెండంగుళాల ముక్క కోసి, కోసిన ముఖానికి సిరా పూసి కాగితం మీద అచ్చు వేయండి. గాజు పట్టే గాడి ఎంత, రేకు పట్టే గాడి ఎంత అన్నది పక్కనే రాయండి. ఆ కాగితం చూపిస్తే మీటరు లెక్కన అమ్మే ఈపీడీఎం రబ్బరు బీడింగుల్లో సరిపోయేది తీసిస్తారు. కోసేటప్పుడు చుట్టుకొలత కంటే ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచి లోపలికి ఒత్తి కలపాలి. సాగదీసి కలిపితే అది మళ్లీ ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది.

రేడియేటర్ రాగి, ఇత్తడిది కనుక కోరు మార్పించుకోవచ్చు, ఆ పని చేసేవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. కానీ కొత్త కోరులో బోరు నీళ్లు పోస్తే ఫలం లేదు. ఆ నీళ్లలోని ఉప్పులు సన్నని గొట్టాల్లో పొలుసు కడతాయి. మే నెలలో ఇంజిన్ వేడి చూపే సూది ఎర్రగీతకు ఎక్కేది అందుకే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. మూత మీద అచ్చైన ప్రెషర్ అంకె పాతదానికి సమానంగా ఉండాలి. ఎక్కువది పెడితే పాత టాంకీ అతుకులు విచ్చుకుంటాయి. పెట్రోల్ బండ్లకు ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను, కార్క్ గ్యాస్కెట్లను చెడగొడుతుంది, ట్యాంకులో తేమను పట్టి ఉంచుతుంది. విటాన్ రబ్బరు గొట్టాలు వేయించండి, కార్బురేటర్ కిట్ మార్చండి, బండిని నెలల తరబడి పెట్రోల్‌తో నిలబెట్టొద్దు.

ఎక్కడ వెతకాలంటే, ఇంజిన్ సామానుకు ముందు సికింద్రాబాద్ రాణిగంజ్. పాత భాగాలకు హైదరాబాద్ పుత్లీబౌలి, చెన్నై పుదుపేట. అంబాసిడర్ టాక్సీలు ఏళ్ల తరబడి తిరిగిన కోల్‌కతాలో మల్లిక్ బజార్. ఊరికే ఫోన్ చేసి అడిగితే లేదనే వస్తుంది. స్కేలు పక్కన పెట్టి మూడు వైపుల నుంచి తీసిన ఫొటో, నంబరు, కొలత పంపండి. హైదరాబాద్‌లో దొరికింది ఆర్టీసీ కార్గోలో నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్టాండ్లకు వచ్చేస్తుంది. ఎడమ, కుడి అనే మాటల దగ్గర జాగ్రత్త. డ్రైవరు సీట్లో కూర్చుని చూసినప్పటి ఎడమా కుడీ అని తేల్చి చెప్పండి. ఎదురుగా నిలబడి చూసి తప్పు వైపు హెడ్‌లైట్ ఫ్రేము తెప్పించుకున్న వాళ్లు తక్కువేం కాదు. గ్రిల్, లైట్లు మోడల్‌ను బట్టి తేడాలున్నాయి, తయారీ సంవత్సరం చెప్పకుండా డబ్బు పంపొద్దు.

కాగితాల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. 15 ఏళ్ల తర్వాత ప్రతి 5 ఏళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 రూపాయలు అయింది. వింటేజ్ గుర్తింపు 50 ఏళ్లు దాటిన బండ్లకే. తొలి కాంటెస్సాకు కూడా 2034 దాకా ఆ వీలు లేదు.

ఇప్పుడు తూకం మాట. కాటా మీద ఇనుముకు ధర ఉంది, రాగికి, అల్యూమినియానికి ధర ఉంది. అద్దానికి లేదు, రబ్బరుకు లేదు, టెయిల్ లైట్ ప్లాస్టిక్ లెన్సుకు లేదు. అందుకే కటింగ్ వాళ్లు మొదట పగలగొట్టేది వాటినే. కాంటెస్సాలకు దేశంలో ఎక్కడా సులువుగా దొరకనివి సరిగ్గా అవే. ఒక బండి తూకానికి పోతే దాని యజమానికి నాలుగు డబ్బులు వస్తాయేమో గానీ, ఇంకో రెండు బండ్లు లేచే దారి మూసుకుపోతుంది. ఇది చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది.

పోలీసు, రవాణా శాఖల అధికారులకు ఒక విన్నపం. ఠాణాల ఆవరణల్లో ఏళ్లుగా పడి ఉన్న పాత బండ్లను వేలం వేసేటప్పుడు అన్నిటినీ కలిపి టన్నుల లెక్కన ఒకే లాట్‌గా పెట్టకుండా, పాత కార్లను విడివిడిగా పెట్టండి. వేలానికి వారం ముందు కార్ల పేర్లు, సంవత్సరాలు పత్రికల్లో వేయించి, చూసుకోవడానికి ఒక రోజు ఇవ్వండి. మీ పత్రిక జిల్లా పేజీలో ఆ వివరాలకు నాలుగు లైన్ల చోటిస్తే ఎంతో మేలు.

ఇంటి ముందు కదలని కాంటెస్సా ఉండి, అమ్మక తప్పని వాళ్లకు ఒక మాట. అమ్మే ముందు ఒక్క రోజు కేటాయించి ముందు, వెనక అద్దాలు, తలుపుల అద్దాలు, వాటిని ఎత్తే మిషన్లు, గ్రిల్, లైట్ల ఫ్రేములు, లెన్సులు, తలుపు పిడులు, తాళాలు, వైపర్ లింకేజీ, స్పీడోమీటర్ విప్పించి పెట్టుకోండి. మిగిలిన బండి తూకానికి పోతే, 14 రోజుల్లోపు ఆర్టీఏకు తెలిపి ఆర్‌సీ అప్పగించండి. విప్పిన అద్దాలను పడుకోబెట్టొద్దు. చెక్క మీద నిలువుగా నిలబెట్టి మధ్యలో గుడ్డ పెట్టండి. రబ్బరు బీడింగులకు టాల్కం పౌడర్ రాసి పెద్ద చుట్టగా చుట్టి ఎండ తగలని చోట ఉంచండి. మేకుకు తగిలిస్తే ఆ మడత దగ్గరే చిట్లుతుంది. ప్రతి ముక్కకూ దారం కట్టి, ఏ సంవత్సరం బండిది, ఏ వైపుది అని అట్టముక్క మీద రాసి తగిలించండి.

– ఒక పాఠకుడు, నల్లగొండ